పేర్లే కదా అనుకున్నాను

ఉద్యోగ జీవితంలో నాకు పేరు తెచ్చిన పని ఒకటే. దస్త్రాల గదిలో ఏ కాగితం ఎక్కడ ఉన్నదో, దానిని ఎవరికి చూపవచ్చునో, ఎవరికి చూపరాదో ఒక్క నిమిషంలో చెప్పగలిగే సూచికను తయారుచేయడం. పాత సహోద్యోగులు కలిసినప్పుడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి మెచ్చుకుంటారు. నేను తల దించుకుంటాను. వారు దానిని వినయమని అనుకుంటారు. అది వినయం కాదు. ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది బచ్చన్నపేట వైపు మెట్ట వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ పట్టా కూడా ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. 1969లో తెలంగాణ ఉద్యమంలో మా కళాశాల నెలల తరబడి మూతపడింది. మేమంతా తరగతులు వదిలి ఊరేగింపులలో నడిచాము. నినాదాలు ఎన్నో ఉండేవి గాని, నాకు అర్థమైన మాట ఒక్కటే: మన ఆఫీసులలో మనవాళ్లు ఉండాలి. మా నాయిన కాగితం పట్టుకొని పోయిన ప్రతిచోటా ఆయన మాట తీరు విని నవ్విన గుమాస్తాలే ఉండేవారు. మనవాడు కూర్చుంటే అలా జరగదని నేను నమ్మాను.

కొన్నేళ్లకు జనగామలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చేరిన మొదటి వారంలోనే నా మాట విని పై అధికారి ఒకరు నవ్వారు. ఆ రోజు నుంచి అచ్చు పుస్తకంలో ఉండే తెలుగే మాట్లాడడం అభ్యాసం చేసుకున్నాను. మనవాడిగా కుర్చీలో కూర్చోవాలని నడిచినవాణ్ణి, కూర్చున్న వారానికే మనవాడిలా మాట్లాడడం మానుకున్నాను.

నాకు అప్పగించింది దస్త్రాల గది. ఎర్రగుడ్డలో కట్టిన బస్తాలు అటకల నిండా ఉండేవి. వాటికి జాబితా లేదు. ఏ బస్తాలో ఏమున్నదో తెలిసినవాడు ఒక్కడే, ఆ గది అటెండరు. యాభైకి దగ్గరపడినవాడు. అందరమూ ఆయనను కాకా అని పిలిచేవాళ్లం. చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివాడు. ఉర్దూ కాగితాలు గడగడా చదివేవాడు గాని తెలుగు అక్షరం రాదు. తెలుగు కాగితాలను గుడ్డ ముడిని బట్టి, మరకను బట్టి గుర్తుపట్టేవాడు.

కాకా పద్ధతి నాకు మొదట మొండితనంగా కనిపించింది. ఒక రోజు ఒక ఊరి పెద్దమనిషి గుమ్మంలో నిలబడి అడిగాడు.

“కాకా, మా ఊరివి ఏమన్న కొత్త కాయిదాలు వచ్చినయా?”

“నీ కాయిదం నంబరు చెప్పు. తీస్త.”

“నాది కాదే. ఊర్లె ఎవ్వలన్న ఏమన్న పెట్టిన్రా అని.”

“గది నాకేం ఎర్క? నీదైతే ఉన్నది. మందివైతే ఉన్నయో లేవో సుత నాకు తెల్వది.”

“గింతగనం బస్తాలు మోస్తవ్, తెల్వదంటవ్?”

“మోస్త గని, తినను గద.”

ఆ మనిషి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. పట్టభద్రుడినైన నేను ఉండగా ఒక కార్యాలయం అటెండరు జ్ఞాపకశక్తి మీద నడవడం నాకు అవమానంగా తోచింది.

ఆరు నెలలు కష్టపడ్డాను. వడ్రంగి చేత చిన్న చిన్న సొరుగులు ఉన్న ఒక చెక్క పెట్టె చేయించాను. అందరూ దానిని డబ్బా అనేవారు. ప్రతి కాగితానికీ అరచేయంత అట్ట కార్డు రాశాను. పైన ఊరి పేరు, దాని కింద అర్జీదారు పేరు, భూమి నంబరు, విషయం. కుడి మూల ఒక గుర్తు. ‘అ’ అని ఉంటే అందరికీ చూపవచ్చు. ‘ప’ అని ఉంటే ఆ ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీకి చూపవచ్చు. ఎర్ర సిరాతో ‘గో’ అని ఉంటే గోప్యం. అధికారికి తప్ప ఎవరికీ ఇవ్వరాదు. ‘గో’ కాగితాలను బస్తాలలోంచి తీసి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఒకటి నా దగ్గర, ఇంకొకటి కాకా దగ్గర ఉండేది. డబ్బాను గది ముందుభాగంలో బల్ల మీద ఉంచాను. వచ్చినవారు తమ ఊరి సొరుగు తామే లాగి, కార్డు వెతికి, నాకు చెబితే నేను గుర్తు చూసి కాగితం ఇచ్చేవాణ్ణి, లేదా నిరాకరించేవాణ్ణి.

అధికారి వచ్చి చూసి సంతోషించారు. కాకా డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు.

“బీరువాకు తాళమేస్తివి సారూ. మరి డబ్బాకో?”

“డబ్బాలో కాగితాలు లేవు కాకా. పేర్లే కదా.”

ఆయన ఇంకేదో అనబోయి మానుకున్నాడు. నేను అడగలేదు.

ఆ ఎండాకాలంలో నన్ను వెతుక్కుంటూ ఒక అవ్వ వచ్చింది. నర్మెట్ట వైపు చిన్న ఊరు ఆమెది. మా అమ్మ పుట్టిన ఊరు కూడా అదే. చిన్నప్పుడు సెలవులకు పోతే నాకు రేగుపండ్లు ఒడి నిండా పోసిన మనిషి. భర్త పోయి రెండేళ్లయింది. ఇరవై ఏళ్లుగా వారు దున్నుకుంటున్న రెండెకరాల చెలక ఉండేది. ఏటా పొలాల వివరాలు రాసే పహాణీలో సాగు చేసేవారి గడిలో భర్త పేరు, ఆయన పోయాక ఆమె పేరు రావాలి. ఊరి పట్వారీ ఆమె పేరు తీసి తన బావమరిది పేరు రాశాడు.

“ఆఫీసుల మనోడున్నడని మీ అమ్మ చెప్పింది. అందుకే వచ్చిన బిడ్డా.”

“మీరేమీ కలత చెందవద్దు అవ్వా. నేను అర్జీ రాస్తాను.”

ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. “ఏంది బిడ్డా, రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నవ్. తిన్నవా లేదా?”

అర్జీ నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. పట్వారీల లెక్కలు తనిఖీ చేసే గిర్దావరు చెప్పకుండా ఊరికి వెళ్లి, చుట్టుపక్కల రైతులను ఆ భూమి ఎవరు దున్నుతున్నారని అడగాలి. వారు నిజం చెబితే ఆమె పేరు తిరిగి ఎక్కుతుంది. కాని ఆ సంగతి పట్వారీకి ముందే తెలిస్తే ఆ రైతులలో ఒక్కడూ నోరు విప్పడు. ప్రతివాడి భూమీ ఆ కలం కిందిదే. కనుక గిర్దావరు వెళ్లే వరకు అర్జీ గోప్యంగా ఉండాలని అధికారి రాశారు.

వెళ్లేముందు అవ్వ గుమ్మంలో ఆగింది.

“నా పేరు బైటవడదు గద బిడ్డా?”

“పడదు అవ్వా. బీరువాకు తాళం వేసి ఉంటుంది.”

నేను ఆ సాయంత్రమే అర్జీని బీరువాలో పెట్టాను. పద్ధతి ప్రకారం కార్డు రాశాను. ఊరి పేరు, ఆమె పేరు, భూమి నంబరు. విషయం: సాగు గడిలో పేరు తొలగింపు, గ్రామ పట్వారీపై ఫిర్యాదు. కుడి మూల ఎర్ర సిరాతో ‘గో’ అని స్ఫుటంగా రాసి, ఆ ఊరి సొరుగులో వరుసక్రమంలో అమర్చాను. ఏ ఊరి పట్వారీ అయినా తన ఊరి సొరుగు చూసుకోవచ్చునన్నది మొదటి నుంచీ ఉన్న నియమమే. ఆ రెండు సంగతులనూ కలిపి ఆలోచించాలని నాకు తట్టలేదు.

పది రోజుల తర్వాత ఆ పట్వారీ ఏదో పాత నకలు కోసం వచ్చాడు. పెద్దమనిషి తీరు, మెత్తని మాట. సొరుగు లాగి ఒక్కొక్క కార్డే వెనక్కి వాలుస్తూ పోయాడు. ఒకచోట చేయి ఆగింది.

“గుమాస్తా సాబ్, గీ ఎర్ర గుర్తు కాయిదం ఒకపారి సూపిస్తవా?”

నేను లేచి వెళ్లి కార్డు చూశాను. ఛాతీ విరుచుకొని చెప్పాను.

“క్షమించాలి. అది గోప్యం. మీకు చూసే అధికారం లేదు.”

“మా ఊరిదే గద.”

“ఏ ఊరిదైనా సరే. నియమం నియమమే.”

“లేకుంటే లేదు తియ్యి. బాగ రాసినవ్ సాబ్, ముత్యాల లెక్క ఉన్నది నీ దస్తూరి.” ఆయన నవ్వి, తన నకలు తీసుకొని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఊరంతా భయపడే పట్వారీని మన అవ్వ కోసం తిప్పి పంపాను. కాకాతో ఆ మాట గొప్పగా చెప్పాను కూడా. కాకా డబ్బా దగ్గరికి పోయి, సగం పైకి లేచి ఉన్న ఒక కార్డును వేలితో లోపలికి నొక్కాడు.

గిర్దావరు ఊరికి వెళ్లి వచ్చాడు. అడిగిన రైతులందరూ ఒకే మాట చెప్పారట: ఆమె ఆ భూమి దున్నగా చూడలేదు. ఒకే మాట, ఒకే వరుసలో, బడిపిల్లలు అప్పజెప్పినట్టు. అర్జీ కొట్టివేశారు.

మూడో రోజు అవ్వ కార్యాలయానికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చిన మనిషి నీళ్లు కూడా అడగలేదు.

“గిర్దావరు రాకముందే ఊరంత తెల్సు బిడ్డా. పట్వారి నా ఇంటి ముందట నిలవడి, ఎర్ర సిరాతోని రాసినా నీ పేరు నాకు దెల్వదా అన్నడు. ఎవ్వలు చెప్పిన్రు?”

ఎర్ర సిరా అన్న మాట వినగానే ఆమెను వరండాలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. సొరుగు లాగాను. కార్డు అక్కడే ఉన్నది. ఊరు, పేరు, నంబరు, విషయం. అర్జీలో ఉన్న విషయమంతా ఆ నాలుగు వరుసల్లో ఉన్నది. నేను తాళం వేసి కాపాడింది వేలిముద్రను మాత్రమే. మిగిలినదంతా నా ముత్యాల దస్తూరిలో బల్ల మీద పరచి పెట్టాను. అది చాలదన్నట్టు, కన్ను అక్కడే ఆగేట్టు ఎర్ర గుర్తు కూడా వేశాను.

తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. కార్డును నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అధికారి పిలిచి అడిగారు. “ఆ అర్జీ సంగతి బయటికి ఎలా పోయింది? బీరువా తాళం ఎవరెవరి దగ్గర ఉంటుంది?”

“నా వద్ద ఒకటి, అటెండరు వద్ద ఒకటి ఉంటాయండి.”

ఆ వాక్యంలో అబద్ధం లేదు. నేను నేర్చుకున్న భాషలో, వ్యాకరణ దోషం లేకుండా చెప్పాను. బీరువా తెరవనవసరమే లేదని, చెప్పినవాడు మనిషి కాదని, కార్డు అని నేను అనలేదు. కాకాకు తెలుగు చదవడం రాదని కూడా అనలేదు. అధికారి తల పంకించారు. పట్టభద్రుడు ఒక వైపు, అటెండరు ఒక వైపు. ఆయనకు ఆలోచించవలసిన అవసరం కలగలేదు.

వరండాలో ఆ మాట అవ్వ చెవిన పడింది. ఎవరో అననే అన్నారు, తాళం ముసలాయన దగ్గర కూడా ఉన్నదట అని. ఆమె లేచి కాకా ఎదుటికి పోయి నిలబడింది.

“నీ నోట్ల మన్ను వడ. నా బుక్కెడు కూడు గుంజినవ్ గదరా.”

కాకా ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చేతిలోని బస్తాను అటక మీద పెట్టి, గుడ్డ ముడి బిగించుకున్నాడు. ఒక్క మాట అనలేదు. నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. నేనూ అనలేదు.

నెల తిరగకముందే కాకాను భూపాలపల్లికి మార్చారు. అప్పటి భూపాలపల్లి అంటే అడవి. బస్సు ఎప్పుడు వస్తే అప్పుడే. మరుసటి ఏడు పహాణీలో ఆ రెండెకరాలు పూర్తిగా బావమరిది పేరున వచ్చాయి. అవ్వ మానుకోట దగ్గర ఉన్న బిడ్డ ఇంటికి పోయిందని మా అమ్మ చెప్పింది.

నేను నా సూచికను మార్చాను. డబ్బాను నా కుర్చీ వెనక్కి జరిపాను. వచ్చినవారు సొరుగు ముట్టరాదు. ముందు తామెవరో, ఏ కాగితం తమదో చెప్పాలి. వారికి చూసే హక్కు ఉన్న కార్డులలోనే నేను వెతుకుతాను. మిగిలినవి ఉన్నాయని గాని, లేవని గాని చెప్పను. గోప్యమైనవాటికి వేరే సొరుగు, దానికి వేరే తాళం. అధికారులు దీనిని కొత్త పద్ధతి అన్నారు. పక్క కార్యాలయాల నుంచి గుమాస్తాలు వచ్చి నేర్చుకొని పోయారు. నేను ఎవరికీ చెప్పలేదు, అది ‘ఉన్నయో లేవో సుత నాకు తెల్వది’ అన్న కాకా మాటే అని.

ఎనభైల మొదట్లో నన్ను మహబూబాబాద్‌కు, మా వాళ్ల నోట మానుకోటకు, మార్చారు. అవ్వ అక్కడే ఎక్కడో ఉన్నదని తెలుసు. మిర్చి ఏరే ఆడవాళ్లు బజారు వైపు గుంపులుగా వస్తుంటే నేను పక్క సందులోంచి కార్యాలయానికి పోయేవాణ్ణి. రెండేళ్లు అలాగే పోయాను. ఆ మధ్యలో పట్వారీల పదవులే రద్దయ్యాయి. ఆ వార్త విని కార్యాలయంలో అందరూ మాట్లాడుకుంటుంటే నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోయాను.

తర్వాత ఒకసారి పని మీద భూపాలపల్లి వెళ్లవలసి వచ్చింది. కాకా అక్కడే, పదవీ విరమణకు దగ్గరలో ఉన్నాడు. బస్సు నిలిచే చోట హోటల్లో కూర్చున్నాము. చాయ్ వచ్చి చల్లారింది. చివరకు అంతా చెప్పాను. కార్డు సంగతి, చింపిన సంగతి, అధికారితో అన్న వాక్యం, అవ్వ ఇప్పుడు మానుకోటలోనే ఉన్న సంగతి.

“ఎర్కే,” అన్నాడు కాకా. “గా పట్వారి పోయినంక గా కార్డు లేచి ఉండె. నాకు తెలుగు సదువ రాదు గని, ఎరుపు కనవడదా?”

“మరి ఆ రోజు ఎందుకు అనలేదు కాకా?”

“నేనంటే ఎవ్వలు నమ్ముతుండె? నువ్వంటే నమ్ముతుండ్రి. నువ్వు అంటవేమో అని సూసిన.”

నేను చల్లారిన చాయ్ గ్లాసును పక్కకు జరిపాను.

“నాకు జెప్పుడేంది సారూ, నాకు తెల్సినదే. గామెకు జెప్పినవా?”

“లేదు.”

“మరి గీడికెందుకొచ్చినవ్ ఇంత దూరం? గామె మీ ఊర్లెనే ఉన్నదంటివి గద.” ఆయన నవ్వాడు. వెక్కిరింతగా కాదు, దారి తప్పిన మనిషిని చూసి నవ్వినట్టు.

మరుసటి ఆదివారం పగటిపూట ఆమె బిడ్డ ఇంటిని వెతుక్కుంటూ వెళ్లాను. అవ్వ ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి, ముక్కుకు కొంగు కట్టుకొని తొడిమలు తీస్తున్నది. నన్ను గుర్తుపట్టి పీట జరిపింది.

“తిన్నవా బిడ్డా?”

నేను దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. వచ్చిన మాటలు మా ఇంటి మాటలే.

“అవ్వా, గా దినం నీ పేరు చెప్పింది అటెండర్ కాకా కాదు. నేను రాసిన కార్డు. గది పట్వారి సదివిండు.”

“కార్డంటే ఏంది?”

అరచేయి చూపించి చెప్పాను, ఇంతుంటది, కాయిదం జల్దిన దొరకాలని రాస్త అని. ఆమె చేతులు ఆగలేదు. తొడిమలు ఒక పక్క, కాయలు ఒక పక్క పడుతూనే ఉన్నాయి.

“గండ్ల ఏం రాసినవ్?”

“ఊరు. నీ పేరు. భూమి నంబరు.”

అప్పుడు ఆమె చేయి ఆగింది. ముక్కు మీది కొంగు కిందికి లాగింది.

“నా పేరు, నా చెలక నంబరు, రెండు ఒక్కతాన రాసినవా?”

“రాసిన.”

“పట్వారీలు పోయిన్రట గద. పహాణిల ఎట్లనో తీసేసిన్రు. మరి గా కార్డు సర్కారుదే గద బిడ్డా. గండ్లనన్న ఉన్నదా నా పేరు?”

ఆమె అడిగిన తీరులో కోపం లేదు. అదే నన్ను కూలదోసింది. ఎప్పుడో పారేసుకున్న వస్తువు ఇంట్లోనే ఒక మూల ఉన్నదేమోనని అడిగినట్టు అడిగింది.

“లేదవ్వా. నేనే చింపిన.”

“ఎందుకు?”

“నా తప్పు ఎవ్వలకు దెల్వద్దని.”

“అయితే నువ్వు సుత తీసేసినవన్నట్టు,” అన్నది.

నేను వంగి, గంపలోంచి కొన్ని కాయలు తీసుకొని తొడిమలు తుంచడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. వేళ్లు మండుతున్నాయి. గంప సగం ఖాళీ అయ్యాక ఆమె తల ఎత్తకుండానే మాట్లాడింది.

“గా ముసలాయనను నలుగుట్ల తిట్టిన. ఉన్నడా?”

“ఉన్నడు. భూపాలపల్లిల.”

“నేను తిట్టింది వాపస్ తీసుకున్న అని చెప్పు. నీ గురించైతే నేనేం జెప్ప. గది నాకింక తెల్వది.”

ఇంటికి వచ్చి పోస్టుకార్డు తీశాను. కాకా పేరు రాసి, అవ్వ పేరు రాయబోయి ఆగాను. కాకాకు తెలుగు చదవడం రాదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి. దారి పొడుగునా ఎవరి చేతిలో పడితే వారు చదవవచ్చు. ఒక మనిషి ఇంకొక మనిషికి మాత్రమే పంపిన మాట అది.

కలం మూత పెట్టాను. మరునాడు సెలవు చీటీ ఇచ్చి భూపాలపల్లి బస్సు ఎక్కాను.